మాటల్లేని పాట చేసేవాడికి

చి. మేనల్లుడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన మాండలిన్ ట్యూను విన్నాను. రాగం మంచిది, చెయ్యి కూడా కుదిరింది. కానీ రెండుసార్లు విన్నా నోటికి రావడం లేదు. పాడేవాడికి ఊపిరి చాలదు, మాట అయిపోతుంది, అక్కడ ట్యూను ఆగి తీరాలి. తీగకు ఆ ఇబ్బంది లేదు కదా అని నువ్వు ఎక్కడా ఆపకుండా వాయించుకుంటూ పోయావు. వినేవాడికి పట్టుకోవడానికి చోటు దొరకలేదు.

కొన్నాళ్లు మాండలిన్ పెట్టెలోనే ఉంచు. పల్లవికి ఏవో పిచ్చి మాటలు డమ్మీగా రాసుకో. అర్థం అక్కర్లేదు, 'పోదాం రారా కొత్తపేట సంతకి' అన్నా చాలు. ఆ మాటలు గొంతుతో పాడి, ఆ పాడినట్టే వాయించు. 'కొత్త'లో ఒత్తు దగ్గర ప్లెక్ట్రం (తీగ మీటే బిళ్ల) గట్టిగా పడుతుంది. 'దాం', 'రారా' దగ్గర తీగను మోగనిస్తావు. 'సంతకి' అయ్యాక ఊపిరి తీసుకోవాలి కనుక కనీసం అర బార్ (తాళపు చుట్టులో సగం) ఖాళీ వస్తుంది. ఇది కుదిరాక మాటలు చెరిపెయ్. ట్యూన్‌లో ఎముకలు మిగులుతాయి. ఇంట్లో వాళ్లకి రెండుసార్లు వినిపించు. వంటింట్లో ఎవరైనా తెలియకుండా కూనిరాగం తీస్తే పల్లవి పాసైనట్టే. లేకపోతే అరేంజ్‌మెంట్ జోలికి వెళ్లకు. వయొలిన్లూ, వెనకాల పరిచినట్టు మోగే సింథ్ ప్యాడ్‌లూ ఎన్ని కప్పినా బలహీనమైన ట్యూను లేచి నిలబడదు.

1960లో లండన్‌లో ద షాడోస్ అనే బ్యాండ్ వాయించిన మాటల్లేని పాట 'అపాచీ' ఓసారి విను. ట్యూను కట్టింది జెర్రీ లార్డన్, గిటార్ హాంక్ మార్విన్. మూడు నిమిషాలు కూడా లేదు. నిర్మాత నోరీ పారమోర్‌కి దాన్ని రికార్డు రెండోవైపు వేసే ఉద్దేశం ఉండేది. అదే బ్రిటన్‌లో ఐదు వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. అందులో వేగం ఏమీ లేదు. మార్విన్ గిటార్‌తో ఒక వాక్యం పలికి ఆగుతాడు, ఆ ఖాళీని ఎకో నింపుతుంది.

నీ ఎకో కూడా లెక్కప్రకారం పెట్టు. 60,000ని టెంపోతో, అంటే నిమిషానికి వచ్చే బీట్లతో భాగిస్తే ఒక బీట్‌కి మిల్లీసెకన్లు వస్తాయి. నీది 96 కాబట్టి 625. అందులో సగం 312, ముప్పావు 469. ఈ మూడింటిలో ఒకటి వాడు, అడ్డదిడ్డంగా పెడితే మృదంగం మీద పడి గజిబిజి అవుతుంది. హెడ్‌ఫోన్‌లో ఎకో వింటూ వాయించు, ఎందుకంటే అది వింటే చెయ్యి తనంతట తనే ఆగుతుంది. రికార్డు మాత్రం ఎకో లేకుండా చెయ్యి.

పల్లవి మూడుసార్లు వస్తుంది కదా, మూడూ ఒకలా ఉండకూడదు. మొదటిది ఒంటరిగా, రెండోది పై స్థాయిలో, మూడోదానికి వేణువు జవాబు పలకాలి. చివర్లో శ్రుతి ఒక మెట్టు పెంచుదామని రాశావు. వద్దంటాను. మాండలిన్‌లో ఖాళీ తీగ ఆసరా పోతుంది, తంబూర ప్యాడ్ మారాలి, వేణువు ఆయన వేరే వేణువు తియ్యాలి. అంత కష్టానికి వచ్చే ఫలితం తక్కువ.

వాయిద్యం సంగతి. పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గారు జంట తీగల మాండలిన్ వదిలి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ పట్టుకున్నారంటే ఊరికే కాదు. జంట తీగల్ని లాగితే రెండూ ఒకేలా సాగవు, గమకం చిరుగుతుంది. నీదీ ఎలక్ట్రిక్కే కనుక వాయిద్యం నుంచి నేరుగా వచ్చే లైనూ, యాంప్ ముందు మైకూ రెండూ తీసుకో. మైకు 34 సెంటీమీటర్ల దూరంలో ఉంటే శబ్దం ఒక మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. రెండూ కలిపితే కింది స్వరాలు పలచబడతాయి. ఆ మైకు ట్రాక్‌ని అంతమేర ముందుకు జరుపు. తీగలు ముందురోజే మార్చి బాగా లాగి ఉంచు. శ్రుతి తేడా వస్తే ఆ లైను మళ్లీ వాయించు. సాఫ్ట్‌వేర్‌తో సరిచేస్తే గమకం మెట్లుమెట్లుగా విరుగుతుంది.

చెన్నై ఉక్క గురించి తెలిసిందే. తోలు తేమ పీల్చి వదులైతే తబలా శ్రుతి దిగుతుంది, ఏసీ గదిలో ఆరి బిగిస్తే ఎక్కుతుంది. అందుకని తబలా, మృదంగం అరగంట ముందే గదిలోకి తెప్పించు. టేక్ మధ్యలో ఏసీ ఆపడం, వెయ్యడం చేస్తే మొదటి చరణం, రెండో చరణం కలవవు. రికార్డింగ్‌కి 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ చాలు. మీటరు శిఖరం మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఉంచు.

మిక్స్‌లో మాండలిన్‌ని గాయకుడిలా చూడు. 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య దానికి జాగా ఇచ్చి, ప్యాడ్, వయొలిన్లు అక్కడ తగ్గించు. ఫోన్ స్పీకర్‌లో ట్యూను వినపడకపోతే మిక్స్ అవ్వనట్టే.

ఇక నువ్వు బద్ధకించే పని, కాగితాలు. మాటలు లేవు కాబట్టి ఆ పాట నీదని చెప్పడానికి స్వరాలే సాక్ష్యం. 1962లో ఇంగ్లండ్ నిర్మాత జో మీక్ చేసిన మాటల్లేని పాట 'టెల్‌స్టార్' బ్రిటన్, అమెరికా రెండుచోట్లా మొదటి స్థానానికి వెళ్లింది. ట్యూను తనదని ఒక ఫ్రెంచ్ స్వరకర్త కేసు వేశాడు, రాయల్టీ ఆగిపోయింది. 1967లో మీక్ పోయాక గానీ తీర్పు అతని పక్షాన రాలేదు. కనుక మొదటిసారి ఫోన్‌లో పాడుకున్నది దగ్గర్నుంచి నొటేషన్ దాకా తేదీలతో దాచు. మన చట్టంలో స్వరకర్త హక్కు జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. వాయించినవాళ్లతో డబ్బు, పేరు, హక్కు మూడూ రాసుకుని సంతకాలు తీసుకున్నాకే సెషన్ పెట్టు. పాటకి రాయల్టీ వసూలు చేసిపెట్టే సొసైటీ ఐపీఆర్ఎస్‌లో చేరి ట్యూను నమోదు చేయించు, రికార్డింగ్‌కి ఐఎస్ఆర్‌సీ కోడ్ (ప్రతి రికార్డింగ్‌కీ వేరుగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకో.

ట్రాకులన్నీ విడివిడిగా, అన్నీ సున్నా సెకను నుంచి మొదలయ్యేలా వేవ్ ఫైళ్లుగా తీసిపెట్టు. పేరులో టెంపో, శ్రుతి రాయి. ప్రాజెక్టు ఫైలు పదేళ్ల తర్వాత తెరుచుకుంటుందని నమ్మకు. నీ ట్యూన్‌లో ఏ ముక్క రేపు ఎవరికి పనికొస్తుందో తెలియదు, 'అపాచీ'నే చూడు. అమెరికాలో 1961లో రెండో స్థానానికి ఎక్కింది షాడోస్ రికార్డు కాదు, డెన్మార్క్ గిటారిస్టు యోర్గెన్ ఇంగ్‌మన్‌ది. 1973లో ఇన్‌క్రెడిబుల్ బోంగో బ్యాండ్ దాని మధ్యలో పొడుగాటి తాళవాద్యాల బిట్ పెట్టింది. న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ పట్టుకుంది ఆ బిట్‌నే, హిప్‌హాప్ వాళ్లు దాన్ని ఇప్పటికీ వదల్లేదు. అందుకే నీ రెండో చరణం ముందు మృదంగం, ఘటం మాత్రమే ఉండే ఎనిమిది బార్లు వదులు. మాండలిన్ అక్కడ నోరు మూసుకోవాలి.

ఈ మార్పులయ్యాక ట్యూను ఒక్కటే పంపు, ప్యాడ్‌లు లేకుండా.

మీ మావయ్య
సాలిగ్రామం, చెన్నై