కాలుష్యాన్ని ముందే ఆపితే పరిశ్రమకు లాభమా?

కాలుష్య నివారణకు పెట్టే డబ్బు పరిశ్రమకు తిరిగి వస్తుందా అని మీరు అడిగారు. పటాన్‌చెరు ప్రాంతంలోని ఒక బల్క్ డ్రగ్ (మందుల్లో పనిచేసే మూల రసాయనం) కర్మాగారంలో ఉత్పత్తి విభాగంలో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: వ్యర్థజలం ఈటీపీకి (కర్మాగారంలోని వ్యర్థజల శుద్ధి కేంద్రానికి) చేరాక చేసే శుద్ధి అంతా ఖర్చే, రసాయన చర్య జరిగే రియాక్టరు దగ్గరే అది పుట్టకుండా చూసుకుంటే మాత్రం డబ్బు మిగులుతుంది.

మందుల తయారీలో వాడే సరుకు బరువులో పెద్ద వాటా సాల్వెంట్లదే, అంటే రసాయనాలను కరిగించే ద్రవాలదే. మా దగ్గర మొదట్లో గిర్రున తిప్పి స్ఫటికాలను వేరుచేసే సెంట్రిఫ్యూజుల నుంచి వచ్చే మదర్ లిక్కర్లన్నీ (స్ఫటికాలు తీశాక మిగిలే సాల్వెంటు ద్రవాలన్నీ) ఒకే ట్యాంకులో కలిసేవి. వాటిలోని సాల్వెంట్లలో టొలీన్ 110 డిగ్రీల దగ్గర, మెథనాల్ 65 డిగ్రీల దగ్గర మరుగుతాయి కనుక వాటిని విడదీయడం తేలికనిపిస్తుంది గానీ, కలిసినప్పుడు ఆ రెండూ దాదాపు 64 డిగ్రీల దగ్గర జంటగా ఆవిరైపోతాయి. పోనీ నీటితో కడిగి మెథనాల్‌ను తీసేద్దామంటే, అది వ్యర్థజలంలో చేరి సీఓడీని (నీటిలోని మలినాలను ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్ కొలతను) పెంచుతుంది. ఒక్కొక్క సాల్వెంటుకు వేరే లైను, వేరే ట్యాంకు పెట్టాక టొలీన్‌ను స్వేదనం చేసి, నాణ్యత పరీక్షించి, అదే ఉత్పత్తిలో అదే దశలో తిరిగి వాడగలిగాం. కొత్త సరుకు కొనుగోలుతో పాటు, సిమెంటు కొలిమిలో తగలబెట్టడానికి పంపే లోడ్లూ తగ్గాయి.

డైక్లోరోమీథేన్ అనే మరో సాల్వెంటు 40 డిగ్రీలకే మరుగుతుంది. మే ఎండల్లో వెచ్చబడే కూలింగ్ టవర్ నీటితో నడిచే కండెన్సరు (ఆవిరిని చల్లబరిచి ద్రవంగా మార్చే పరికరం) దాన్ని పట్టి ఆపలేకపోయేది. దాని వెనుక చిల్డ్ బ్రైన్ (బాగా చల్లబరిచిన ఉప్పు ద్రావణం) కండెన్సరు బిగించాక, గాలిలో కలిసే సరుకు రిసీవరులోకి (ద్రవాన్ని పట్టే పాత్రలోకి) వచ్చింది. షెడ్డులో వాసన తగ్గడం కార్మికులకు దక్కిన లాభం, దాన్ని ఏ అకౌంటెంటూ రాయడు.

అన్నీ ఇలా గిట్టుబాటు కావు. ఉప్పు ఎక్కువగా ఉన్న వ్యర్థజలాన్ని ఎంఈఈలో (పలు దశల్లో నీటిని ఆవిరి చేసే యంత్రంలో) ఆవిరి చేయడానికి బొగ్గు కాల్చాలి, మిగిలిన ఉప్పును డబ్బు చెల్లించి దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. అందుకే అక్కడ ఆదా అంటే కడుగుడు నీటిని తగ్గించడమే.

అసలు పెద్ద లాభం రసాయన మార్గాన్ని మార్చడంలో ఉంది. ఐబుప్రొఫెన్‌ను ఆరు దశల్లో చేసే పాత పద్ధతిలో ముడిపదార్థాల పరమాణువుల్లో సుమారు 40 శాతమే మందులోకి చేరేవి. మూడు దశల కొత్త పద్ధతిలో ఆ వాటా సుమారు 77 శాతం. అయితే రిజిస్టరైన మందుకు మార్గం మార్చాలంటే కొనుగోలుదారుల, నియంత్రణ సంస్థల అనుమతులు కావాలి కనుక, ఈ ఆలోచన ఆర్ అండ్ డీ దశలోనే జరగాలి.

మీ యూనిట్‌లో మొదలుపెట్టాలంటే ముందుగా ఒక బ్యాచ్‌కు సాల్వెంట్ల జమాఖర్చు రాయించండి: ఎన్ని కిలోలు ఎక్కించారు, ఎన్ని తిరిగి వచ్చాయి, ఎన్నింటికి లెక్క తేలలేదు. లెక్క తేలని సరుకు ఏ వెంటు (ఆవిరి బయటికి పోయే గొట్టం) నుంచి, ఏ డ్రెయిన్ నుంచి పోతోందో వెతకడంతో పని మొదలవుతుంది.