మాలలో ఉన్నాను, కుక్కకాటు సూది వేయించుకోవచ్చా?

ప్రశ్న: అయ్యప్ప మాల వేసుకుని 12 రోజులైందండి. నిన్న తెల్లవారుజామున కాలవ రేవుకి స్నానానికి వెళ్తుంటే కుక్క పిక్క పట్టుకుంది. రక్తం వచ్చింది. పసుపు అద్దాను. ఆ టీకా కోడిపిండంతో చేస్తారు, దీక్షలో కూడదంటున్నారు తోటి స్వాములు. మాల తీశాక వేయించుకుంటే చాలదా?
– బీటెక్ విద్యార్థి, అమలాపురం

జవాబు: చాలదు స్వామీ. ఉత్తరం అందగానే మీకు ఫోన్లో చెప్పాం. మిగతా స్వాముల కోసం ఇక్కడ మళ్లీ చెబుతున్నాం. దీక్ష 41 రోజులు. రేబిస్ చాలామందిలో 1 నుంచి 3 నెలల్లో బయటపడుతుంది, ఒక్కోసారి ఇంకా ముందే. బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు.

ముందు గాయాన్ని కుళాయి ధార కింద పెట్టి, సబ్బుతో 15 నిమిషాలు గడియారం చూసి కడగాలి. ఈ వైరస్‌కి పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని కరిగిస్తుంది. పసుపు, కారం, సున్నం ఆ పని చేయవు, పైగా గాయాన్ని రేపుతాయి. నిన్న కడగలేదా? ఇప్పుడైనా కడగండి. బిగించి కట్టు కట్టొద్దు.

సర్కారు ఆస్పత్రిలో టీకాని చర్మం పొరలోకి ఇస్తారు: రెండు జబ్బలకూ చెరో 0.1 మి.లీ. మొదటి సూది పడ్డ రోజు సున్నా అనుకుంటే, తర్వాతవి 3, 7, 28 రోజుల్లో. రక్తం వచ్చింది కాబట్టి మీకు టీకా ఒక్కటే సరిపోదు. రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ని వెంటనే అడ్డుకునే, ముందే తయారైన యాంటీబాడీల మందు) గాయంలోకీ, దాని చుట్టూ కూడా ఎక్కించాలి, వీలైతే మొదటిరోజే. మొదటి సూదికి 7 రోజులు దాటితే ఇక ఇవ్వరు. ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే: జబ్బకి సూది పడగానే పని అయిపోయిందని ఇంటికొచ్చేస్తారు. నోరు తెరిచి అడగండి. మీ పీహెచ్‌సీలో లేకపోతే ఎక్కడుందో వాళ్లచేతే ఫోన్ చేయించి కనుక్కోండి.

ఇక కోడిపిండం మాట. కొన్ని కంపెనీలు కోడిపిండ కణాల్లోనే పెంచుతాయి, నిజమే. మరికొన్ని వీరో కణాల్లో పెంచుతాయి. ఆ కణాలు 1962లో ఒక కోతి మూత్రపిండం నుంచి తీసినవి, అప్పటినుంచీ ప్రయోగశాలలోనే పెరుగుతున్నాయి. అందులో వైరస్‌ని పెంచి, చంపి, శుద్ధి చేస్తారు. జంతు కణాల ప్రమేయం లేదని చెప్పి మిమ్మల్ని ఒప్పించం. కానీ దీక్షలో మానేది మాంసం తినడం. ఇది తిండి కాదు, మందు. మనసొప్పకపోతే గురుస్వామిని అడగండి, అదీ ఆస్పత్రికి వెళ్లే దారిలో. రెండుపూటలా చన్నీటి స్నానానికి టీకా అడ్డం కాదు. శబరిమల ప్రయాణంలో సూది రోజు వస్తే చీటీ వెంట ఉంచుకుని, దారిలోని సర్కారు ఆస్పత్రిలో వేయించుకోండి. బొడ్డుచుట్టూ 14 సూదులని తాతలు చెప్పే గొర్రెమెదడు టీకా మనదేశంలో ఎప్పుడో పోయింది.

ప్రశ్న: నాకు 17 ఏళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేయించుకోమని డాక్టరమ్మ చెప్పారు. అది నడవడి సరిగా లేనివాళ్లకని, వేయించుకుంటే విశ్వాసం తక్కువైనట్టేనని ప్రార్థన గుంపులో అక్కలు అంటున్నారు. భయంగా ఉందండి.
– ఇంటర్ విద్యార్థిని, రాజోలు

జవాబు: పౌలు కొలొస్సయులకు రాసిన పత్రికలో లూకాను ప్రియమైన వైద్యుడనే అన్నాడు తల్లీ. మందు పుచ్చుకోవడం అవిశ్వాసం కాదు. ఎంత పద్ధతిగా ఉన్న స్త్రీకైనా పెళ్లయ్యాక భర్త నుంచి ఈ క్యాన్సర్‌ని తెచ్చే హెచ్‌పీవీ అనే వైరస్ రావచ్చు. పెళ్లికి ముందే వేయించుకోమనడం అందుకే. వైరస్ ఒంట్లో చేరాక ఆ రకం మీద టీకా పనిచేయదు. ఇందులో బతికున్న వైరస్ లేదు, దాని పైపెంకు ప్రోటీన్ మాత్రమే. పిల్లలు పుట్టకపోవడమన్నది అబద్ధం. మీ వయసుకి మామూలుగా 3 డోసులు: మొదటిది, 2 నెలలకి, 6 నెలలకి. 15 ఏళ్లు నిండకముందైతే 6 నెలల తేడాతో రెండు. టిఫిన్ తిని వెళ్లండి, సూది పడ్డాక 15 నిమిషాలు కూర్చోండి. మీ వయసు పిల్లలు కళ్లు తిరిగి పడిపోతుంటారు. అమ్మానాన్నలకు చెప్పే వేయించుకోండి. 2009లో ఖమ్మం జిల్లాలో ఇదే టీకా ఇచ్చినప్పుడు హాస్టల్ పిల్లలకు తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. ఆ తప్పు రేపిన అనుమానం ఇంకా పోలేదు.

ప్రశ్న: రోజాలో ఉండగా టీకా వేయించుకోవచ్చా?
– డిగ్రీ విద్యార్థి, నరసాపురం

జవాబు: పోషణనివ్వని సూదితో రోజా పోదని చాలామంది ఉలమాలు చెబుతారు. కళ్లు తిరిగే అలవాటుంటే ఇఫ్తార్ తర్వాత వేయించుకోండి. హజ్‌కి వెళ్లేవాళ్లు అక్కడికి చేరడానికి కనీసం 10 రోజుల ముందే మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) టీకా వేయించుకోవాలని సౌదీ ప్రభుత్వమే నియమం పెట్టింది.

ప్రశ్న: తమ్ముడికి మొన్న అమ్మవారు పోసింది. మందు, సూది అంటే అపచారమంటోంది నాయనమ్మ. నాకెప్పుడూ పోయలేదు. నేనేం చేయాలి?
– నర్సింగ్ విద్యార్థిని, పాలకొల్లు

జవాబు: వేపమండలు ఉంచండి, నాయనమ్మ మొక్కు మొక్కనివ్వండి. వాటివల్ల హాని లేదు. మీరు మాత్రం తమ్ముడికి పొక్కులు లేచిన 3 నుంచి 5 రోజుల్లోపే ఆటలమ్మ టీకా వేయించుకోండి, 4 నుంచి 8 వారాలకు రెండోది. గర్భిణులు దీన్ని వేయించుకోకూడదు. తమ్ముడి గోళ్లు కత్తిరించండి. జ్వరానికి పారాసెటమాల్ చాలు. ఆస్పిరిన్ ఇస్తే పిల్లల్లో కాలేయం, మెదడు దెబ్బతినే ప్రమాదముంది. ఆయాసం వచ్చినా, జ్వరం 4 రోజులు దాటినా తలంటు రోజు దాకా ఆగకుండా డాక్టరుకు చూపించండి.