పది వాట్ల రేడియోకి ఐదు వేలలోపు పవర్ మీటర్ ఏది?

హెచ్‌ఎఫ్‌లో (షార్ట్‌వేవ్ బ్యాండ్లలో) పనిచేసే పది వాట్ల హామ్ రేడియో ఉంది, ఐదు వేలు దాటకుండా నమ్మదగ్గ పవర్ మీటర్ చెప్పమన్నారు. కంపెనీ పేరు కంటే ముందు స్కేలు చూడండి. లైసెన్స్ వచ్చిన కొత్తలో నేను చూడలేదు.

200 వాట్ల స్కేలున్న రెండు ముళ్ల మీటర్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. నా మైక్రోబిట్‌ఎక్స్ (పది వాట్ల హామ్ రేడియో కిట్) 40 మీటర్ల బ్యాండ్‌లో ఆరు వాట్లే ఇస్తోందని చూపించింది. యాంటెన్నాకి పవర్ పంపే ఫైనల్ ట్రాన్సిస్టర్లు పోయాయేమోనని టెన్షన్. రెండు ఆదివారాలు రేడియో విప్పుకుని కూర్చున్నాను. తర్వాత మీటర్ కాగితం చదివితే ‘ఫుల్ స్కేల్‌లో 10 శాతం’ అని ఉంది. అంటే ముల్లు ఎక్కడున్నా 20 వాట్లు అటూ ఇటూ కావచ్చు. బియ్యం బస్తాల కాటా మీద బంగారం తూచినట్టే కదా! పేరుమోసిన బర్డ్ 43 వాట్‌మీటర్‌కి కూడా ఫుల్ స్కేల్‌లో 5 శాతమే. దాంట్లో 100 వాట్ల ఎలిమెంట్ (స్కేలును నిర్ణయించే ముక్క) పెడితే 5 వాట్ల తేడా రావచ్చు.

అసలు పవర్ తేల్చింది ఇంట్లో చేసుకున్న డమ్మీ లోడ్, అంటే యాంటెన్నా బదులు రేడియోకి తగిలించే రెసిస్టర్. కోఠి గుజరాతీ గల్లీలో 1 కిలోఓం, 1 వాట్ మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు 20 తెచ్చి ప్యారలల్‌లో కలిపితే సరిగ్గా 50 ఓంలు. వైర్‌వౌండ్‌వి మాత్రం తేకండి, అవి కాయిల్‌లా పనిచేస్తాయి. లోడ్ మీది వోల్టేజీని ఒక 1ఎన్4148 డయోడ్‌తో 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్‌లోకి పంపి, దాన్ని మామూలు మల్టీమీటర్‌తో డీసీలో చూడాలి. కీ నొక్కితే నాకు 30.4 వోల్టులు వచ్చింది. డయోడ్‌లో పోయే 0.6 కలిపితే 31. దాని వర్గం 961, వందతో (50 ఓంలకు రెట్టింపు) భాగిస్తే 9.6 వాట్లు. రేడియో నిక్షేపంలా ఉంది! 25 వాట్ల దగ్గర ఆ డయోడ్ మీద 100 వోల్టులు పడతాయి, దాని హద్దే అంత. కాబట్టి 15 వాట్లు దాటించకండి.

ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే లెక్క) కోసం మీటర్ ఎలాగూ కావాలి. 20 వాట్ల స్కేలు ఉన్నదే తీసుకోండి, డైమండ్ ఎస్‌ఎక్స్-200లో 5, 20, 200 మూడూ ఉన్నాయి. బడ్జెట్ దాటితే సెకండ్‌హ్యాండ్‌లో వెతకండి, కొనే ముందు మీ డమ్మీ లోడ్‌తో సరిచూసుకోండి. ఆన్‌లైన్‌లో అగ్గువకు దొరికే చిన్న డిజిటల్ మీటర్లలో కొన్ని 125 మెగాహెర్ట్జ్ పైనే పనిచేస్తాయి, హెచ్‌ఎఫ్‌కి దండగ.

మరీ పట్టింపు కూడా వద్దు. 10 వాట్లు 9కి పడిపోతే తేడా అర డెసిబెల్ కూడా ఉండదు, అవతలివాళ్ల రేడియోలో సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్‌కి అది తెలియనే తెలియదు. నా పాత మీటర్ ఇప్పటికీ బల్ల మీదే ఉంది. యాంటెన్నా సరిచేసేటప్పుడు ముల్లు ఎటు కదులుతుందో చూడ్డానికి అది చాలు.