గుడిసె ముందు, పట్టా తర్వాత

ఎవరి అనుమతీ లేకుండా నగరం మధ్యలో వందల ఇళ్ల బస్తీ ఎలా లేస్తుంది, అధికారులు మొదట్లోనే ఎందుకు ఆపరు అని అడిగారు. నేను వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్ దగ్గర అలాంటి బస్తీలోనే పెరిగాను. నాన్న అక్కడ హమాలీ. కాబట్టి కళ్లారా చూసిన క్రమాన్నే చెబుతాను.

అన్నిటికంటే ముందు పని. మిర్చి సీజన్‌లో బండ్లు రాత్రంతా వస్తూనే ఉంటాయి. తెల్లవారేసరికి బస్తాలు దించాలి, కాంటాలయ్యాక మళ్లీ లారీలకు ఎత్తాలి. కూలి బస్తా లెక్కన. పల్లె నుంచి రోజూ వచ్చిపోయేవాడికి ఈ పని సాగదు, అద్దె గది తీసుకుంటే మిగిలేదేమీ ఉండదు. మార్కెట్ల ప్లానులో గోదాములుంటాయి, హమాలీల ఇళ్లుండవు. 1934లో ఆజంజాహి బట్టల మిల్లు వచ్చాక దాన్ని నమ్ముకునీ ఇలాగే వాడలు వెలిశాయి. తర్వాత మిల్లు మూతపడింది, వాడలు ఉండిపోయాయి.

ఇక స్థలం. ఎవరూ కాపలా లేని చోటే పేదవాడికి దొరుకుతుంది: రైలు పట్టాల పక్క, నాలా గట్టు, ఖిలా వరంగల్ మట్టికోట అంచు, చెరువు శిఖం అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే భూమి. మాది కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల నగరం. వరుసగా కరువొస్తే శిఖం భూమి మామూలు మైదానంలాగే కనిపిస్తుంది.

ఒక్కడు గుడిసె వేస్తే మర్నాడే పీకేస్తారు. ఒక ఊరివాళ్లు, చుట్టాలు కలిసి ఒకే రాత్రి వేస్తే పిలిచి మాట్లాడతారు. అందుకే జెండా పాతుతారు, సంఘం పెడతారు, బస్తీకి ఒక నాయకుడి పేరు పెడతారు. 2022లో వామపక్షాల ఆధ్వర్యంలో వరంగల్, హనుమకొండల్లో ప్రభుత్వ భూముల్లో గుడిసెలు వేసినప్పుడు జరిగిందీ ఇదే. పీకేశారు, మళ్లీ వేశారు.

నిలబడ్డాక బస్తీ పెరిగేది కాగితాలతో. అమ్మ వాటిని ఒక రెక్సిన్ సంచిలో దాచేది. మొదట ఓటరు జాబితాలో పేరు, దాన్ని చూపించి రేషన్ కార్డు. అంతవరకు కరెంటు తీగలకు తగిలించిన కొండీలతోనే, స్తంభాలు వచ్చాక మీటరు. మీటరు బిల్లు పట్టుకుని ఇంటి నంబరు, ఆపైన ఇంటి పన్ను రసీదు. ఒక్కో కాగితం చేతికొచ్చినప్పుడల్లా ఇల్లూ మారుతుంది. తడికెలు పోయి రేకులు, రేకుల కింద ఇటుక గోడలు. మీటరు లేకుండా ఇటుకకు ఎవరూ డబ్బు పెట్టరు, పన్ను రసీదు లేకుండా స్లాబు వేయరు. మా వాడలో గోడ చూసి ఆ ఇంట్లో ఏ కాగితం ఉందో చెప్పేయవచ్చు.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. ఒక శాఖ ఖాళీ చేయమని నోటీసు ఇస్తే, ఇంకో శాఖ మీటరు ఇచ్చి బిల్లు వసూలు చేస్తుంది. నగరానికి మా చేతులు కావాలి, మేము పడుకునే చోటు మాత్రం అక్కర్లేదు. ఇది నాకు ఇప్పటికీ కడుపు మండే విషయమే. ఎన్నేళ్లు పన్ను కట్టినా భూమి మీద హక్కు, అంటే పట్టా, మాత్రం రాదు.

ఆ హక్కు కోసం 2014 డిసెంబరులో 58వ నంబరు జీవో వచ్చింది. ఆ ఏడాది జూన్ 2 నాటికి ప్రభుత్వ భూమిలో ఇల్లు వేసుకుని ఉన్న పేదలకు 125 గజాల వరకు ఉచితంగా క్రమబద్ధీకరించారు. అయితే అభ్యంతరం లేని భూములకే. శిఖంలో, నాలా మీద ఉన్నవాళ్లకు ఆ దారి లేదు. అందరికంటే ప్రమాదంలో ఉన్నదీ వాళ్లే. 2020 ఆగస్టు వరదలో నగరంలోని లోతట్టు బస్తీలు నీట మునిగాయి. అప్పుడు నింద అంతా గుడిసెల మీద పడింది. నిజానికి నాలాలను ఇరుకు చేసిన వాటిలో పెద్ద మేడలూ ఉన్నాయి, ఆ సంగతి మర్చిపోకండి.

ఇంకొకటి. బస్తీ స్థిరపడ్డాక పక్కకు పెరగడం ఆగి పైకి పెరుగుతుంది. కొడుక్కి పెళ్లయితే మీద ఒక గది వేస్తారు, వెనక రేకుల గదిని కొత్తగా వచ్చిన కూలీలకు అద్దెకిస్తారు. నాన్న తరం వేసుకున్న ఇళ్లలో ఇప్పుడు ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు అద్దెకుంటున్నారు. అద్దె భరించలేనివాళ్లు మళ్లీ నాలా గట్టునే చూసుకుంటున్నారు.