యోని ద్వారం పక్కన గడ్డ: కోయించాలా, వదిలేయాలా?

నరసన్నపేట దగ్గర నుంచి అడిగిన చెల్లికి ఈ జవాబు. మీకు ఇరవై ఆరేళ్లని, యోని ద్వారానికి ఎడమ పక్కన కొన్నాళ్లుగా చిన్న గడ్డ ఉందని, నొప్పి లేదు కదా అని ఊరుకుంటే ఈ వారం ఉబ్బి కూర్చోనివ్వడం లేదని రాశారు. మీ అత్తగారు వేడి చేసిన సెగ్గడ్డ అంటున్నారు, సున్నం బెల్లం పట్టు వేయమంటున్నారు. మీకేమో క్యాన్సరేమోనని భయం. మగ డాక్టరుకి చూపించాలంటే సిగ్గు. దానికి తోడు మీ ఆయన "ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది" అన్న మాట.

ముందు సున్నం సంగతి. వద్దమ్మా. అక్కడి చర్మం చాలా పలచన, సున్నం తగిలితే కాలి పుండవుతుంది. అప్పుడు చూసే డాక్టరుకి గడ్డ ఏదో పుండు ఏదో తెలియదు. పిన్నీసుతో పొడవడం, వేళ్లతో పిండడం కూడా వద్దు. మీ అత్తగారితో గొడవ పడక్కర్లేదు, డాక్టరు ఏ మందూ రాయొద్దన్నారని చెప్పేయండి.

నాకు ఇదే వచ్చింది. రాజాంలో కుట్టు మిషన్ పని నాది. గడ్డ పెద్దదయ్యేసరికి పెడల్ తొక్కితే ప్రాణం పోయేది. ఒక తుంటి మీదే కూర్చుని జాకెట్లు కుట్టాను. దగ్గర్లో ఒక క్లినిక్‌లో గాటు పెట్టి చీము తీసేశారు. ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది. కానీ కొద్ది నెలలకే అదే చోట మళ్లీ అదే గడ్డ. ఈసారి విజయనగరంలో గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ ప్రిస్క్రిప్షన్ వెనక యోని ద్వారాన్ని గడియారంలా గీసి, నాలుగు దగ్గరా ఎనిమిది దగ్గరా చుక్కలు పెట్టారు. "నీ గ్రంథులు ఇక్కడ ఉంటాయి, ఎనిమిది దగ్గరది మూసుకుపోయింది" అన్నారు. అంతకుముందు ఎవరూ నాకు అంతమాత్రం కూడా చెప్పలేదు.

వాటిని బార్తొలిన్ గ్రంథులంటారు. ఒక్కొక్కటి బఠాణీ గింజంత, బాగున్నప్పుడు చేతికి తగలవు. 17వ శతాబ్దంలో కాస్పర్ బార్తొలిన్ అనే డెన్మార్క్ వైద్యుడు వీటి గురించి రాశాడు, ఆయన పేరే ఉండిపోయింది. (ఆడవాళ్ల ఒంట్లో ఉన్నదానికి మగాయన పేరేమిటో!) ఇవి కాస్త జిగురు ద్రవం ఊరుస్తాయి, అది సుమారు రెండు సెంటీమీటర్ల సన్నటి నాళంలోంచి బయటికి వస్తుంది. ఆ నాళం నోరు మూసుకుపోతే ద్రవం వెనకే నిలిచి గడ్డ కడుతుంది. అది ఉత్త నీటి గడ్డ, సిస్ట్. నొప్పి ఉండదు, చాలామందికి ఉన్నట్టు కూడా తెలియదు. అందులో సూక్ష్మక్రిములు చేరితే చీము పట్టి ఎర్రబడుతుంది, సలుపు మొదలవుతుంది. మీకు ఇప్పుడు జరుగుతున్నది ఇదే అయి ఉండొచ్చు. నూటికి ఇద్దరు ఆడవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఇలా వస్తుందని లెక్క, ఇరవైల్లో ముప్పైల్లో ఎక్కువ. అయితే అక్కడ వచ్చే ప్రతి గడ్డా ఇదే కాదు. వెంట్రుక కుదురులో కురుపు కావచ్చు, చర్మం కింద కొవ్వు గడ్డ కావచ్చు. అందుకే కళ్లతో చూసి చెప్పాలి, ఫోన్లో ఫొటో పంపితే తేలేది కాదు. స్కాన్ చాలాసార్లు అక్కర్లేదు. సిస్ట్ అనగానే మనవాళ్లు అండాశయంలో నీటి బుడగలు, పీసీఓడీ అని కలిపేస్తారు. వాటికీ దీనికీ సంబంధం లేదు. గర్భసంచికీ లేదు. పిల్లలు పుట్టడానికి ఇది అడ్డు కాదు.

మీ ఆయన మాటకి వస్తాను. చీము పట్టించేవి ఎక్కువగా మన పేగుల్లో, చర్మం మీద మామూలుగా ఉండే బ్యాక్టీరియా. ఈ. కోలై వాటిలో ముఖ్యమైనది. గనోరియా, క్లమీడియా లాంటి సుఖవ్యాధుల వల్ల కూడా కొందరికి వస్తుంది కాబట్టి డాక్టరు చీము పరీక్షకి పంపొచ్చు. ఒకవేళ అది తేలితే మందులు ఇద్దరూ వాడాలి. అంతే తప్ప గడ్డ వచ్చిందని ఎవరి నడవడినీ శంకించడానికి లేదు. పెళ్లి కాని పిల్లలకీ వస్తుంది. ఆయన్నీ వెంట తీసుకెళ్లి ఈ ముక్క డాక్టరు నోటితోనే చెప్పించండి, మా ఇంట్లో అలాగే సర్దుకుంది.

నొప్పి లేని చిన్న గడ్డని ఏమీ చేయక్కర్లేదు. కొంచెం ఇబ్బందిగా ఉంటే గోరువెచ్చని నీళ్లలో కూర్చోవాలి. ప్లాస్టిక్ టబ్బులో నడుము కింద దాకా మునిగేలా నీళ్లు పోసి పది పదిహేను నిమిషాలు, రోజుకి మూడు నాలుగు సార్లు, కొన్ని రోజుల పాటు. డెట్టాల్ పోయొద్దు, మండుతుంది. కొందరికి దీంతోనే పగిలి తగ్గిపోతుంది.

చీము నిండి బిగుసుకుంటే మాత్రం తీయించాల్సిందే. నేను అందరికీ చెప్పేది ఇక్కడే. ఒట్టి గాటు పెడితే ఆ నోరు త్వరగా పూడుకుపోతుంది, గడ్డ మళ్లీ వస్తుంది. అందుకని దారి తెరిచి ఉంచే పద్ధతులు ఉన్నాయి. ఒకటి వర్డ్ కాథెటర్: కొసకి చిన్న బెలూన్ ఉన్న సన్నని గొట్టాన్ని గాటులో పెట్టి, రెండు మూడు మిల్లీలీటర్ల సెలైన్‌తో ఉబ్బించి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేస్తారు, ఈలోగా కొత్త దారి ఏర్పడుతుంది. అన్నిచోట్లా దొరకదు. రెండోది మార్సుపియలైజేషన్: గడ్డని తెరిచి, దాని గోడల అంచుల్ని పక్కన చర్మానికి కుట్టేస్తారు, జేబు నోరు మడిచి కుట్టినట్టు. నాకు చేసింది ఇదే. కుట్లు వాటంతటవే కరిగిపోయాయి. మొదటి రెండు రోజులు మంట, తర్వాత ప్యాడ్‌కి అంటుకునే నీరు, అంతే. పుండు పూర్తిగా మానేదాకా భర్తతో కలవొద్దన్నారు. దీనితోనూ మళ్లీ రాదని హామీ లేదు, కానీ బాగా తగ్గుతుంది. గ్రంథినే తీసేయడం ఆఖరి మాట. అక్కడ రక్తనాళాలు ఎక్కువ కాబట్టి పదేపదే వస్తుంటే తప్ప ఆ జోలికి పోరు.

క్యాన్సర్ గురించి: మీ వయసులో అది దాదాపు ఉండదు. నలభై దాటాకో ముట్లాగిపోయాకో కొత్తగా గడ్డ కనిపిస్తే మాత్రం ముక్క తీసి పరీక్ష చేస్తారు, వద్దనకండి.

మందుల షాపులో అడిగి నొప్పి బిళ్లలు మింగేయకండి. మీ శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం ప్రాంతం వాళ్ల కిడ్నీ బాధ చూస్తూనే ఉన్నాం, నొప్పి బిళ్లలు లెక్క లేకుండా వాడితే కిడ్నీకి చెడు. యాంటీబయాటిక్ కూడా డాక్టరు అవసరమంటేనే. చీము బయటికి పోకుండా మందు ఒక్కటే సరిపోకపోవచ్చు.

చలి జ్వరం వచ్చినా, ఎరుపు తొడ వైపు పాకినా, మీకు షుగర్ ఉన్నా, నెల తప్పినా ఆగకుండా ఆ రోజే వెళ్లండి. శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రిలో, మనం ఇంకా రిమ్స్ అనే అంటాం, గైనిక్ ఓపీ ఉంది. అటు విజయనగరం దగ్గరయితే ఘోషా ఆసుపత్రి. చీటీ రాయించేటప్పుడే లేడీ డాక్టరు కావాలని చెప్పండి, తప్పేం లేదు. నేను సిగ్గుపడి నసుగుతుంటే అక్కడి ఆయమ్మ "ఏటమ్మా, పురుళ్లు సూసే సోట సిగ్గేటి" అని గట్టిగా అనేసింది, క్యూలో అందరూ నవ్వారు, నాకూ నవ్వొచ్చింది.

లోపలికి వెళ్లాక గడ్డ ఎప్పటి నుంచి, ముందెప్పుడైనా వచ్చిందా, చివరి ముట్టు ఎప్పుడు, ఈ మూడూ అడగకుండానే చెప్పండి. కోస్తామంటే "మళ్లీ మూసుకోకుండా ఏం చేస్తారు మేడమ్" అని అడగండి. షుగర్ పరీక్ష రాయకపోతే అదీ అడగండి. బిగుతు లెగ్గిన్ కాకుండా వదులు బట్టలు వేసుకోండి, సంచిలో రెండు ప్యాడ్లు పెట్టుకోండి. కోస్తే ఆ పూటే కావాలి.