మెస్కలిన్ మీద సెమినార్ చెప్పబోతున్న శ్రావణికి

చిరంజీవి శ్రావణికి ఆశీస్సులు.

లేని రంగులూ ఆకృతులూ కనబడేలా చేసే మెస్కలిన్ అనే పదార్థం తొలి పరిశోధనల మీద మాట్లాడబోతున్నావని తెలిసి సంతోషించాను. మొదలు అది దొరికే పెయోటే కాక్టస్‌తోనే పెట్టు, కానీ ఏ పెయోటే అన్నది ముందే తేల్చు. అప్పట్లో మెక్సికో నుంచి యూరప్‌కు చేరిన మొక్కల్లో రెండు జాతులు కలగలిసి ఉండేవి. ఒకదాంట్లో మెస్కలిన్ ఉంటే, రెండోదాంట్లో దాదాపు అంతా నిద్ర తెప్పించే పెల్లోటిన్. నాటి ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి ఇదో పెద్ద కారణం.

ఎక్కువ సమయం జర్మన్ ఔషధ శాస్త్రవేత్త ఆర్థర్ హెఫ్టర్‌కు కేటాయించు. లైప్‌జిగ్‌లో ఆయన ఆ మొక్కలోని ఆల్కలాయిడ్లను, అంటే శరీరం మీద ప్రభావం చూపే రసాయనాలను, విడదీసి ముందు జంతువుల మీద చూశాడు. వాటిలో ఒకటైన లోఫోఫొరిన్ మూర్ఛలు తెప్పించింది. అయితే రంగులు, ఆకృతులు కనబడుతున్నదీ లేనిదీ జంతువు చెప్పలేదు కదా, అందుకని ఒక్కొక్కటీ తానే మింగి చూశాడు. 1897 నవంబర్ 23న 150 మి.గ్రా. మెస్కలిన్ హైడ్రోక్లోరైడ్ (మెస్కలిన్ లవణం)తో, ఆ దృశ్యాలకు కారణం మెస్కలినేనని తేలిపోయింది. ఏ పదార్థం ఏం చేస్తుందో విడివిడిగా తేల్చిన ఆ పద్ధతిని క్లాసు మొత్తానికీ అర్థమయ్యేలా చెప్పాలి.

పిల్లలు తరచూ తప్పు చేసేది మోతాదుల పట్టికలోనే. హైడ్రోక్లోరైడ్ అణుభారం 247.7, లవణంగా మారని మెస్కలిన్‌ది, అంటే బేస్‌ది, 211.3. అంటే హెఫ్టర్ తీసుకున్నదాంట్లో అసలు మెస్కలిన్ 128 మి.గ్రా. మాత్రమే. ఏ లవణమో ప్రతి వరుసలోనూ రాయి. 1920ల్లో హైడల్‌బర్గ్‌లో మానసిక వైద్యుడు బెరింగర్ ఇచ్చినవి ఇంజెక్షన్లు, వాటిని నోటి మోతాదుల పక్కన పెట్టి పోల్చకు. పైగా ఆయన ప్రయోగాల్లో పాల్గొన్నవాళ్లు ఎక్కువగా డాక్టర్లు, వైద్య విద్యార్థులు. తీసుకుంటున్నదేమిటో తెలిసినవాళ్లు. వాళ్ల వర్ణనలు ఎంత గొప్పగా ఉన్నా ఆ పరిమితి చెప్పి తీరాలి. 1919లో రసాయన శాస్త్రవేత్త ష్పేత్ మెస్కలిన్‌ను కృత్రిమంగా తయారుచేశాక మాత్రం దాని రసాయన నిర్మాణం గురించిన సందేహం తీరిపోయింది.

మెదడు విషయానికొస్తే, మెస్కలిన్ ప్రభావంలో కనబడేవిగా మనస్తత్వ శాస్త్రవేత్త క్లూవర్ గుర్తించిన జాలీ, సాలెగూడు, సొరంగం, సర్పిలం బొమ్మలు బోర్డు మీద గీసి చూపించు. వేర్వేరు మనుషులకు అవే ఆకృతులు కనబడడం వల్లే దృష్టి వ్యవస్థ నిర్మాణం మీదకు ఆలోచన మళ్లింది. 1952లో మానసిక వైద్యులు ఆస్మండ్, స్మితీస్‌లు మెస్కలిన్‌కు అడ్రినలిన్‌తో ఉన్న పోలికను పట్టుకుని, స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బులో శరీరమే అలాంటి పదార్థాన్ని తయారుచేస్తుందేమో అన్నారు. ఆ ఊహ నిలబడలేదు. ఆ జబ్బులో ఎక్కువగా వినబడేవి గొంతులు, మెస్కలిన్‌తో ముఖ్యంగా కనబడేవి దృశ్యాలు.

నాడీకణాల మధ్య సంకేతాలు మోసే సెరటోనిన్‌ను చివరికి ఉంచు. మెదడులో అది ఉందని తెలిసిందే 1953లో, కాబట్టి హెఫ్టర్ ఫలితాలను సెరటోనిన్ అంటుకునే 5-హెచ్‌టి2ఎ రిసెప్టార్‌తో (మెస్కలిన్ కూడా దానికే అంటుకుంటుంది) వివరించేటప్పుడు అది తర్వాతి కాలపు అవగాహన అని స్పష్టంగా చెప్పు. ఇలాంటి మరో మత్తుపదార్థం ఎల్‌ఎస్‌డి మైక్రోగ్రాముల్లోనే పనిచేస్తే మెస్కలిన్‌కు వందల మిల్లీగ్రాములు ఎందుకు కావాలని ఎవరైనా అడగొచ్చు. ఆ రిసెప్టార్‌కు మెస్కలిన్ చాలా బలహీనంగా అంటుకుంటుంది, మెదడులోకి చేరేదీ తక్కువే.