టిప్‌కి 2 డాలర్లు చాలు, ముందు ఆ 60 రోజుల సంగతి చూడండి

టెక్సాస్‌లోని ఇర్వింగ్ నుంచి ఒక పాఠకుడు రాశారు. హెచ్‌1బీ (అమెరికాలో ఉద్యోగ వీసా) మీద ఉన్నారు, భార్య హెచ్‌4 (దాని మీద వచ్చే కుటుంబ వీసా), మూడేళ్ల పాప. శుక్రవారం ఒకసారి, ఆదివారం ఒకసారి బిర్యానీ టేకౌట్ తెచ్చుకుంటారు, ఒక్కో బిల్లు 65 డాలర్ల దాకా అవుతుంది. కార్డు పెట్టగానే స్క్రీన్ ఇటు తిప్పుతారు, అందులో 18, 20, 25 శాతం అని గళ్లు కనిపిస్తాయి, వెనక లైన్లో తెలిసినవాళ్లు ఉంటారు, దాంతో మొహమాటానికి 20 నొక్కేసి వస్తున్నారట. టేకౌట్‌కి అసలు ఎంత ఇవ్వాలి, ఇవ్వకపోతే తప్పా అని అడిగారు. ఉత్తరం చివర మాత్రం, పనిలో పనిగా అన్నట్టు, ఇంకో నాలుగు ముక్కలు రాశారు: కార్డు మీద 11,400 డాలర్ల బాకీ ఉంది, వడ్డీ 24 శాతం, నెలనెలా మినిమమ్ కడుతున్నారు, సేవింగ్స్‌లో 1,900 ఉంది, 401కె (ఉద్యోగంలో ఉండగా దాచుకునే రిటైర్మెంట్ ఖాతా) నుంచి లోన్ తీసి కార్డు క్లియర్ చేయాలని ఆలోచన.

ముందు అడిగినదానికి జవాబు చెప్తాను. కౌంటర్ దగ్గరికి మీరే వెళ్లి సంచి తెచ్చుకుంటే టిప్ ఇచ్చి తీరాలన్న రూల్ ఏమీ లేదండి. రెస్టారెంట్‌లో కూర్చుని తిన్నప్పుడు కథ వేరు. టెక్సాస్‌లో టిప్పుల మీద బతికే సర్వర్‌కి యజమాని గంటకు 2.13 డాలర్లిస్తే చాలు, 1991 నుంచి ఫెడరల్ చట్టంలో ఆ అంకె మారలేదు. టిప్పులు కలిపినా కనీస వేతనం 7.25 రాకపోతే మిగతాది యజమాని వేయాలి, కానీ ఆ సర్వర్ ఇల్లు గడిచేది టిప్పు మీదే. కాబట్టి అక్కడ 18, 20 శాతం దగ్గర బేరాలాడకండి. టేకౌట్ కౌంటర్లో ఉండేవాళ్లకు మామూలుగా టిప్పుతో సంబంధం లేని పూర్తి గంట జీతం ఉంటుంది. అలాగని వాళ్లది పని కాదని కాదు, సాలన్ డబ్బా మూత ఊడకుండా టేపు చుట్టి, రైతా వేశారో లేదో ఇంకోసారి చూసి, ఉల్లిపాయ, నిమ్మకాయ విడిగా కట్టి ఇచ్చే మనిషికి ఒకటి రెండు డాలర్లు జార్‌లో వేస్తే బాగుంటుంది, నేనూ వేస్తాను. పుట్టినరోజుకి ట్రేల లెక్కన ఆర్డర్ పెట్టినా, సంచి కారు దాకా తెచ్చిచ్చినా 10 శాతం ఇవ్వండి. ఇంటికి డెలివరీ అయితే 15 శాతం, చిన్న ఆర్డర్ అయినా 5 డాలర్లకు తగ్గించకండి, వాన రోజు ఇంకాస్త. మీ శుక్రవారం బిర్యానీకి మాత్రం 'కస్టమ్' నొక్కి 2 అని కొట్టండి. వెనక నిలబడ్డవాళ్లు మీ కార్డు బిల్లు కట్టరు.

టిప్ సంగతి అంతే. వారానికి రెండుసార్లు 13 డాలర్ల చొప్పున మీరిస్తున్నది ఏడాదికి 1,352 డాలర్లు. అదే కార్డు మీద వడ్డీ ఏడాదికి 2,736. నెలకు 228 డాలర్లు ఏ బిర్యానీ రాకుండానే పోతోంది, దాని గురించి మీరు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మీ ఉత్తరానికి ఇంత పొడుగు జవాబు రాయడానికి కారణం అదే. చాలామంది ఇలాగే, కళ్ల ముందు స్క్రీన్ మీద కనిపించే 13 డాలర్ల గురించి టెన్షన్ పడతారు, స్టేట్‌మెంట్‌లో ఉన్న 228 జోలికి పోరు.

ఇప్పుడు అసలు భయపెట్టే లెక్క. మీ ఇంటి నెల ఖర్చు 5,400 అని రాశారు, అంటే రోజుకు 180. మీ దగ్గరున్న 1,900 పదకొండు రోజులకు కూడా చాలదు. హెచ్‌1బీ మీద ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి దొరికేది ఎక్కువలో ఎక్కువ 60 రోజులు, ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు అంతకంటే ముందే ముగిస్తే అన్ని కూడా ఉండవు. ఆ లోపు ఇంకో కంపెనీ మీకోసం పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా సామాన్లు సర్దుకోవాలి. ఉద్యోగంతో పాటే హెల్త్ ఇన్సూరెన్సూ పోతుంది. కోబ్రా (ఉద్యోగం పోయాక కూడా అదే ఇన్సూరెన్స్ ఉంచుకోనిచ్చే చట్టం) కింద కొనసాగించుకోవచ్చు గానీ ఇన్నాళ్లూ కంపెనీ కట్టిన వాటా కూడా మీ నెత్తినే పడుతుంది, కుటుంబానికి నెలకు రెండు వేలు దాటడం మామూలే. చంటిపిల్ల ఉన్న ఇంట్లో ఇన్సూరెన్స్ లేకుండా రెండు నెలలు నెట్టుకొద్దామనే ఆలోచనే వద్దు. అద్దె ఇల్లు గడువుకు ముందే ఖాళీ చేస్తే కట్టాల్సిన డబ్బు, ముగ్గురికి టికెట్లు, ఇవన్నీ ఆ 5,400 పైన.

2023 జనవరి లేఆఫ్‌లలో నా దగ్గరికి వచ్చిన ఒక జంట నాకింకా గుర్తున్నారు. ఇద్దరూ మంచి జీతాలు చూసినవాళ్లే. నలభయ్యో రోజున సోఫా 60 డాలర్లకు అమ్మేశారు, కొన్నాయన దాన్ని ట్రక్కులో ఎక్కిస్తుంటే పాప వెనకే వెళ్లి ఏడ్చిందట. ఆ సోఫా తాలూకు వాయిదాలు అప్పటికింకా కడుతూనే ఉన్నారు. ఆయనకు ఆఫర్ చేతిదాకా వచ్చింది, ఇంకో నెల తట్టుకోగలిగితే మంచి జీతం అడిగేవాడు, చేతిలో డబ్బు లేక మొదట దొరికినదానికి తల ఊపేశాడు. ఎమర్జెన్సీ ఫండ్, ఎమర్జెన్సీ ఫండ్ అని నేను పదేపదే ఎందుకు పోరుతానో ఇప్పుడైనా అర్థం చేసుకోండి. సిటిజన్‌కి మూడు నెలల ఖర్చు సరిపోతుందేమో, వీసా మీద ఉన్నవాళ్లకు ఆరు నెలలది ఉండాలన్నది నా మాట.

401కె లోన్ వద్దు. వద్దంటే వద్దు. ఆ ఖాతాలో 28,000 ఉంది కాబట్టి సగం దాకా తీసుకోవచ్చని మీకెవరో చెప్పి ఉంటారు, అది నిజమే. ఉద్యోగం పోతే ఏమవుతుందో కూడా చెప్పారా? చాలా ప్లాన్లు మిగిలిన అప్పంతా ఒక్కసారే అడుగుతాయి. ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోపు కట్టలేకపోతే దాన్ని మీ ఆదాయం కింద లెక్కగట్టి పన్ను వేస్తారు, వయసు 59న్నర నిండలేదు కాబట్టి పైన 10 శాతం పెనాల్టీ. జీతం ఆగిన నెలలోనే ఆ అప్పు కూడా మీద పడుతుందన్నమాట. ఇంకోటి, కార్డు నిండిన వారం బిర్యానీకి 'పే ఇన్ ఫోర్' (బిల్లు నాలుగు వాయిదాల్లో కట్టే యాప్) వాడుతున్నామని రాశారు. 2025 మార్చిలో ఫుడ్ డెలివరీ యాప్ డోర్‌డాష్, వాయిదాల కంపెనీ క్లార్నా కలిసి తిండి ఆర్డర్లకు కూడా వాయిదాలు తెస్తున్నామని ప్రకటించాయి, అంటే ఇక ఇది మామూలైపోతుంది. మీరు మాత్రం ఆ యాప్ ఈరోజే తీసేయండి. బిర్యానీ రాత్రికి అరిగిపోతుంది, వాయిదా ఆరు వారాలు మెడకు వేలాడుతుంది. తిండిని అప్పుమీద కొనే స్థితి వచ్చిందంటే అది టిప్ ఎంత అని అడిగే సమయం కాదు.

కార్డు స్టేట్‌మెంట్ తీసి చూడండి. అందులో ఒక పెట్టె ఉంటుంది, మినిమమ్ మాత్రమే కడితే బాకీ తీరడానికి ఎన్నేళ్లు పడుతుందో, మూడేళ్లలో తీరాలంటే నెలకు ఎంత కట్టాలో అందులో రాసి ఉంటుంది. 2009లో వచ్చిన చట్టం ప్రకారం అది చూపించాల్సిందే. మీ లెక్కకు మూడేళ్లంటే నెలకు దాదాపు 447. ఇప్పుడు కడుతున్నది సుమారు 342, ఇంకో 105 కలిపితే చాలు. ఆ కార్డు మీద ఇక కొత్తగా ఏమీ కొనకండి.

ఆ డబ్బు ఎక్కడిదంటే, ఆదివారం బిర్యానీ ఇంట్లో చేసుకోండి. వారానికి ఒక్క టేకౌట్, దానిమీద 2 డాలర్ల టిప్ అయితే, కిరాణా ఖర్చు కాస్త పెరిగినా నెలకు 350 దాకా మిగులుతుంది. అందులో 105 కార్డుకి, 245 ఫండ్‌కి. 401కెలో కంపెనీ మ్యాచ్ (మీరు వేసినదానికి కంపెనీ జతచేసే వాటా) దాకా ఉంచి, దానిపైన మీరు వేస్తున్న 400 కొన్నాళ్లు ఆపండి, పన్ను పోను చేతికి 300 పైనే వస్తుంది, అదీ ఫండ్‌కే. ఈ లెక్కన ఒక నెల ఖర్చు, అంటే 5,400, ఆరేడు నెలల్లో కూడుతుంది. బోనస్, ట్యాక్స్ రీఫండ్ వస్తే ఇంకా ముందే. తర్వాత రెండు నెలల ఖర్చు, అక్కణ్నుంచి ఆరు. ఎఫ్‌డీఐసీ (బ్యాంకు డిపాజిట్లకు ప్రభుత్వ హామీ) బీమా ఉన్న సేవింగ్స్ ఖాతాలో ఉంచండి, ఇండియాకు పంపకండి, షేర్లలో పెట్టకండి. జీరో వడ్డీ బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ (బాకీని కొన్నాళ్లు వడ్డీ లేని ఇంకో కార్డుకి మార్చడం) దొరికితే ఫీజు చూసుకుని తీసుకోవచ్చు. కంపెనీ ఇచ్చే లైఫ్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే పోతుంది, సొంత టర్మ్ పాలసీ ఒకటి ఉండాలి.

ఫండ్ 5,400 దాటిన రోజు నాకు మళ్లీ రాయండి, మిగతావి అప్పుడు మాట్లాడుకుందాం.